వాయిదా దాటితే మోగే ఫోను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మా బల్ల మీదికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వాయిదా ఆలస్యమైనప్పుడు అప్పిచ్చినవారు ఇంటికి రావడం తగ్గి, ఫోనులోకి రావడం పెరిగింది. ఆ ఫోనుతో ఎలా మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదన్నది వాటి సారాంశం. పేర్లు వద్దన్నవారే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ ప్రచురించడం లేదు, సంస్థల పేర్లు కూడా తీసివేశాను. ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న (పాలకొల్లు, ఫ్యాన్సీ దుకాణం యజమాని): ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వాయిదాల మీద తీసుకున్నాను. ఖాతాలో డబ్బు చాలక రెండు నెలలుగా ఆటోడెబిట్ తప్పింది. అప్పటి నుంచి రోజూ ఒక అమ్మాయి గొంతు చక్కటి తెలుగులో పలకరిస్తోంది. “దుకాణంలో బేరం ఉందమ్మా, తర్వాత చేయండి” అన్నా మళ్లీ అదే వాక్యం చెబుతోంది. ఆవిడ మనిషా, యంత్రమా? వాయిదా రూ.2,400 అయితే, రెండింటికి కలిపి వాళ్లు అడుగుతున్నది రూ.7,000కు దగ్గరగా ఉంది. ఇదేమి లెక్క?

జవాబు: మీరు బేరం సంగతి చెప్పినా అందుకోలేదంటే అది యంత్రమే అయి ఉంటుంది. మొదటి రోజుల్లో మనిషిచేత ఫోను చేయించడం సంస్థకు ఖర్చు. యంత్రం ఒకేసారి వేలమందితో మాట్లాడగలదు, విసుక్కోదు. వసూలు చేసేవారు ఆలస్యమైన రోజులను బట్టి ఖాతాలను వేరు చేసి పెడతారు, వాటిని వారి భాషలో ‘బకెట్లు’ అంటారు. ముప్పై రోజుల లోపువి ఒకటి, అరవై లోపువి ఒకటి, తొంభై లోపువి ఒకటి. తొంభై రోజులు దాటితే ఖాతా నిరర్థకమైనట్టు, అంటే మొండి బాకీగా, పుస్తకాల్లోకి ఎక్కుతుంది. మొదటి బకెట్‌లో సందేశాలు, వాట్సాప్, యంత్రం గొంతు సరిపోతాయి. మరిచిపోయినవారే ఎక్కువ కాబట్టి చాలామంది అక్కడే కట్టేస్తారు. రెండో బకెట్‌కు వచ్చేసరికి కాల్‌సెంటర్‌లోని మనుషులు మొదలవుతారు. ఆ తర్వాత చేతిలో ఫోనుతో మనిషి గుమ్మంలోకి వస్తాడు. అతడు ఎక్కడికి వెళ్లిందీ, ఎంత వసూలు చేసిందీ ఆ ఫోనులోనే నమోదవుతుంది. మీరు ఏ గంటలో ఫోను ఎత్తారో, ఏ సందేశం తెరిచి చూశారో, ఖాతాలోకి డబ్బు సాధారణంగా ఏ రోజుల్లో వస్తుందో లెక్కగట్టి, మళ్లీ ఎప్పుడు పలకరించాలో సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది.

ఆ గొంతు చివర ఒక ప్రశ్న అడుగుతుంది, గమనించండి: “ఏ తేదీకి కడతారు?” దానిని వదిలించుకోవడానికి మనలో చాలామంది “రేపు” అనేస్తారు. అది మర్యాదకు అనే రేపు అని యంత్రానికి తెలియదు. ఆ మాట ‘పీటీపీ’ అనే గడిలో, అంటే కడతానని ఇచ్చిన మాటగా, తేదీతో సహా నమోదవుతుంది. ఆ తేదీ తప్పితే మాట తప్పినవారుగా మరో గుర్తు పడుతుంది; మీ ఖాతా మనుషుల చేతికి త్వరగా వెళ్లేది అలాగే. కాబట్టి కట్టగలిగిన తేదీ ఒక్కటే చెప్పండి, అది ఇరవై రోజుల తర్వాతదైనా సరే.

ఇక లెక్క సంగతి. ఆటోడెబిట్ తప్పినప్పుడు రెండు చోట్ల రుసుము పడుతుంది: అప్పిచ్చిన సంస్థ బౌన్సు ఛార్జీ వేస్తుంది, మీ ఖాతా ఉన్న బ్యాంకు తన వంతు వేస్తుంది. సంస్థ అదే నెలలో మరొకసారి డెబిట్‌కు ప్రయత్నిస్తే, అప్పుడూ డబ్బు లేకపోతే, ఆ రుసుములు మళ్లీ పడవచ్చు. వీటిపైన ఆలస్యానికి జరిమానా. ఈ జరిమానా విషయంలో రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇచ్చింది: వడ్డీ రేటుకు అదనపు వడ్డీని కలిపి జరిమానాగా వసూలు చేయకూడదు, విడిగా రుసుముగానే వేయాలి, ఆ రుసుమును అసలులో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ లెక్కించకూడదు. మీ రూ.7,000లో ఏ పైసా దేనికో చూపే పద్దు కావాలని సంస్థకు మెయిల్ రాయండి. ఫోనులో అడగవద్దు. ఫోనులో అడిగితే ఫోనులోనే జవాబు వస్తుంది, అది రేపటికి మిగలదు.

కట్టేటప్పుడు సందేశంలో వచ్చిన లింకును నొక్కవద్దు. మీ యూపీఐ యాప్‌లో బిల్లులు కట్టే ‘భారత్ కనెక్ట్’ కింద ‘లోన్ చెల్లింపు’ విభాగం ఉంటుంది. అందులో సంస్థ పేరు ఎంచుకొని రుణ ఖాతా సంఖ్య వేస్తే బకాయి కనిపిస్తుంది. అలా కట్టిన రోజే ఆ రసీదును సంస్థకు పంపి, మళ్లీ ఆటోడెబిట్ వేయవద్దని రాయండి. లేకపోతే మీరు చేత్తో కట్టిన రెండో రోజున యంత్రం తన పని తాను చేసుకుపోయి అదే వాయిదా ఇంకొకసారి లాగేస్తుంది. ఆ డబ్బు తిరిగి రావడానికి పట్టే కాలం, పోవడానికి పట్టిన కాలంలా ఉండదు.

మా తాతగారు ప్రోనోటు వెనక చెల్లు రాయించనిదే ఎవరికీ రూపాయి ఇచ్చేవారు కారు. వాకిట్లో బండి కట్టి ఉన్నా, వర్షం వస్తున్నా, చెల్లు పడాల్సిందే. ఇప్పుడు అవతలివారు ప్రతి మాటకూ చెల్లు రాసుకుంటున్నారు, మనం మాత్రం నోటితోనే సరిపెట్టుకుంటున్నాం.

ప్రశ్న (రాజోలు, కౌలు రైతు): మా అమ్మాయి పెళ్లికి బ్యాంకు యాప్‌లో వ్యక్తిగత రుణం తీసుకున్నాను. నెలనెలా ఐదో తారీఖున వాయిదా. నాకు డబ్బు వచ్చేది సార్వా ధాన్యం అమ్మినప్పుడు, దాళ్వా ధాన్యం అమ్మినప్పుడు. మధ్యలో కొబ్బరి మీద వచ్చేది ఇంటికే చాలదు. ధాన్యం డబ్బు పడగానే నాలుగు వాయిదాలు ఒకేసారి కడతానని ఫోనులో ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మొదటికే వస్తున్నారు. రైతు అప్పుకు సీజను చూస్తారంటారు కదా, నాకెందుకు చూడరు? మొంథా తుపాను వచ్చాక అయినా గడువు పెంచాలి కదా?

జవాబు: మీ ప్రశ్నలో న్యాయం ఉంది, కానీ మీరు సంతకం చేసిన కాగితంలో అది లేదు. పంట రుణానికి సీజను లెక్క ఉన్న మాట నిజమే: స్వల్పకాలిక పంటలకైతే రెండు పంట కాలాలు బకాయి పడితే తప్ప ఆ ఖాతాను నిరర్థకంగా చూపరు. అది అప్పు తీసుకున్న మనిషిని బట్టి వచ్చిన వెసులుబాటు కాదు, అప్పు రకాన్ని బట్టి వచ్చింది. వ్యక్తిగత రుణం రైతు తీసుకున్నా, రైల్వే ఉద్యోగి తీసుకున్నా తొంభై రోజుల లెక్కే.

నేను కోనసీమలో బ్యాంకు క్షేత్రాధికారిగా ఉన్న రోజుల్లో, 1996 నవంబరు 6 నాటి తుపాను తర్వాత, లంక గ్రామాలకు పడవ మీద వెళ్లి, పడిపోయిన కొబ్బరి చెట్లు లెక్క రాసుకొని, ఏ ఇంటి వాయిదా ఎంతకాలం వెనక్కి జరపాలో నోటుపుస్తకంలో రాసుకొచ్చేవాళ్లం. మేము ఉత్తములమని చెప్పడం లేదు. మాలోనూ గుమ్మంలో నిలబడి గొంతు పెంచినవారు ఉన్నారు. కానీ కళ్లెదుట చేను కనిపిస్తుంటే, కోత ఎప్పుడో అడగకుండానే తెలిసేది. ఇవాళ మీకు సందేశం పంపుతున్న యంత్రం ఊళ్లో ఏ చేను ఏ దశలో ఉందో చూడదు. దానికి ఐదో తారీఖు ఒక్కటే తెలుసు. దానికి మీ చేను సంగతి చెప్పాలంటే అది చదవగలిగిన చోట రాయాలి.

రాయవలసినది సంస్థ ఫిర్యాదుల అధికారికి, రుణం ఇచ్చిన శాఖకు, ఒకే మెయిల్. భాష తెలుగైనా ఫరవాలేదు. ఇలా ఉంటే చాలు: “నా రుణ ఖాతా సంఖ్య ఫలానా. నేను కౌలు రైతును. నా ఆదాయం డిసెంబరులోనూ, ఏప్రిల్-మే నెలల్లోనూ వస్తుంది. అక్టోబరు, నవంబరు వాయిదాలు పూర్తిగా కట్టలేను. ఆ రెండు నెలలూ రూ.3,000 చొప్పున కడుతూ, మిగిలినది డిసెంబరు 31 లోపు కడతాను. వాయిదాల కాలపట్టికను మార్చే వీలుంటే దాని షరతులు, అదనంగా పడే వడ్డీ ఎంతో రాతపూర్వకంగా తెలియజేయండి.” దీనికి కౌలు గుర్తింపు కార్డు ఉంటే దాని నకలు, నిరుటి ధాన్యం అమ్మకం రసీదు జోడించండి. ఈ ఉత్తరం రాగానే సంస్థ ఒప్పుకోవాలన్న నియమం లేదు. అయితే ఇది మొదటి వాయిదా తప్పకముందే చేరితే దారి ఉన్న సంస్థలు దారి చూపుతాయి; తొంభై రోజులు దాటాక చేరితే చేతులు కట్టేసినట్టే ఉంటుంది, ఎందుకంటే నిరర్థకమైన ఖాతా మళ్లీ మామూలు కావాలంటే పాత బకాయి మొత్తం కట్టాలి, ఒకటి రెండు వాయిదాలు కడితే చాలదు.

చెప్పిన రూ.3,000 మాత్రం చెప్పిన తేదీకి పడాలి. పూర్తి వాయిదా కట్టలేనప్పుడు ఏమీ కట్టకుండా ఊరుకోవడం మనవైపు అలవాటు. “ఇస్తే మొత్తం ఇద్దాం, సగం ఇచ్చి మాట పడడమెందుకు” అనుకుంటాం. వసూలు లెక్కల్లో ఈ పట్టింపుకు విలువ లేదు. కొంత కట్టేవాడు, ఏమీ కట్టనివాడు వేర్వేరు వరుసల్లో ఉంటారు.

2025 అక్టోబరు చివర మొంథా తుపాను మన తీరాన్ని తాకినప్పటి సంగతి కూడా అడిగారు. ప్రకృతి వైపరీత్యం జరిగిన ప్రాంతాల్లో పంట నష్టాన్ని ప్రభుత్వం ప్రకటించి, బ్యాంకర్ల సమితి నిర్ణయించినప్పుడు బ్యాంకులు రుణాల గడువులను సవరించే ఏర్పాటు ఉంది. అది దానంతట అది ప్రతి అప్పుకూ వర్తించదు. మీ మండలం జాబితాలో ఉందో లేదో శాఖలో కనుక్కొని, దరఖాస్తు ఇచ్చి, దాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

ప్రశ్న (నరసాపురం, లేసు అల్లే గృహిణి): మా వీధిలో పదిమందిమి కలిసి గ్రూపు అప్పు తీసుకున్నాం. నాకు ఆరోగ్యం బాగాలేక రెండు వారాలు కట్టలేదు. వాయిదాలు వసూలు చేసే సెంటరు అబ్బాయి రాత్రి ఎనిమిదికి వచ్చి, మిగతా ఆడవాళ్లందరినీ మా ఇంటి ముందు కూర్చోబెట్టాడు. సొమ్ము తన సొంత ఫోను నంబరుకు పంపమంటున్నాడు, రసీదు రేపు ఇస్తానంటాడు. ఏం చేయాలి?

జవాబు: అతడి సొంత నంబరుకు ఒక్క రూపాయి కూడా పంపవద్దమ్మా. సొమ్ము వెళ్లవలసింది సంస్థ ఖాతాలోకి. నగదుగా ఇస్తే, అక్కడికక్కడ అతడి చేతిలోని పరికరం నుంచి రసీదు రావాలి, మీ ఫోనుకు సంస్థ పేరుతో సందేశం రావాలి. “రేపు రసీదు” అనేదాన్ని కట్టనట్టే లెక్క వేసుకోండి.

చిన్న రుణాల సంస్థలకు రిజర్వు బ్యాంకు 2022 మార్చి 14న ఇచ్చిన నిబంధనలు మీలాంటివారి కోసమే రాసినట్టుంటాయి. కుటుంబ వార్షికాదాయం రూ.3 లక్షల లోపు ఉన్నవారికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులన్నీ వాటి కిందకు వస్తాయి. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోట జరగాలి; రుణగ్రహీత రెండుసార్లు లేదా అంతకంటే ఎక్కువసార్లు వరుసగా ఆ చోటుకు రానప్పుడు మాత్రమే ఇంటికిగానీ, పనిచేసే చోటుకుగానీ రావచ్చు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోను చేయడాన్నే ఆ నిబంధనలు వేధింపు కింద లెక్కగట్టాయి. ఇరుగుపొరుగును పోగుచేసి కూర్చోబెట్టడం అంతకంటే ముందే తప్పు. అప్పుల్లో ఉన్న కుటుంబమంతా నెలకు కట్టవలసిన వాయిదాలు ఆ కుటుంబ నెలసరి ఆదాయంలో సగం దాటకూడదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మీకు రెండో అప్పు, మూడో అప్పు ఇచ్చినవారు ఈ లెక్క వేశారా అని అడిగే హక్కు మీకుంది.

ఈ ‘కూర్చోబెట్టడం’ కొత్తది కాదు. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణాల వసూళ్లు ప్రాణాల మీదికి వచ్చి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది కూడా ఇలాంటి పద్ధతుల వల్లే. అప్పట్లో రుజువు చూపడం కష్టమయ్యేది. ఇప్పుడు మీ చేతిలో ఫోను ఉంది: వచ్చిన సమయం, అతడు పంపిన నంబరు, అన్న మాటలు సంస్థ ఫిర్యాదుల నంబరుకు ఆ రాత్రే సందేశంగా పంపండి. రుణ కార్డు మీద ఆ నంబరు అచ్చువేసి ఉంటుంది. గ్రూపులో మిగిలిన తొమ్మిదిమంది మీమీద కోపంగా ఉన్నారని రాశారు. వారిలో ఇద్దరిచేత ఆ సందేశం కింద తమ పేర్లు పెట్టించగలిగితే ఇంకా మంచిది. ఇవాళ మీ గుమ్మం, రేపు వాళ్లది.

ప్రశ్న (అమలాపురం, తండ్రి): మా అబ్బాయి యాప్‌లో రూ.5,000 అప్పు తీసుకుంటే చేతికి రూ.3,200 వచ్చాయట, ఏడో రోజుకు రూ.5,000 కట్టాలట. ఆలస్యమయ్యేసరికి వాడి ఫోనులోని బంధువులందరికీ, కువైట్‌లో ఉన్న మా బావమరిదికి కూడా, వాడు దొంగ అంటూ ఫొటోతో సందేశాలు వెళ్లాయి. అది కట్టడానికి వాడు మరో రెండు యాప్‌లలో అప్పు చేశాడు. పరువు పోయి ఇంట్లోంచి బయటికి రావడం లేదు.

జవాబు: అన్నిటికంటే ముందు అబ్బాయిని ఒంటరిగా వదలకండి, కోప్పడకండి. రాజమహేంద్రవరంలో 2022 సెప్టెంబరులో ఇలాంటి వేధింపుల మధ్య ఒక దంపతులు ప్రాణాలు తీసుకోవడం మనవాళ్లెవరూ మరిచిపోలేదు. వాడు మాట్లాడడానికి ఇష్టపడితే 14416 అనే టెలీ మానస్ నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అడగరు. మూడు యాప్‌ల అప్పు మొత్తం కలిపినా ఒక మోటారు సైకిలు ఖరీదు కూడా కాదన్న సంగతి వాడికి ఇంట్లోవాళ్లు చెబితేనే నమ్ముతాడు.

తర్వాత, వాడి చేత ఇంకొక్క యాప్‌లో కూడా అప్పు చేయించకండి. ఒక అప్పు తీర్చడానికి మరొకటి చూపించే సందేశాలు చాలాసార్లు ఒకే గుంపు నుంచి వస్తాయి.

మీరు చెప్పిన పద్ధతి, అంటే ముందే కోసుకొని ఇవ్వడం, ఏడు రోజుల గడువు, ఫోనులోని పేర్లన్నిటికీ సందేశాలు, రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థ పద్ధతి కాదు. డిజిటల్ రుణాలకు 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు, 2025 మే 8న మరింత కట్టుదిట్టమైన ఆదేశాలు వచ్చాయి. వాటి ప్రకారం యాప్ మీ ఫోనులోని పేర్ల జాబితాను, కాల్ వివరాలను, ఫొటోలను ముట్టుకోకూడదు. ఖాతా తెరిచేటప్పుడు గుర్తింపు కోసం కెమెరా, లొకేషన్ వంటివి మాత్రం అనుమతి తీసుకొని ఒక్కసారి వాడుకోవచ్చు. అప్పు సొమ్ము అసలు సంస్థ ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాలోకి రావాలి, తిరిగి కట్టేది కూడా నేరుగా ఆ సంస్థకే చేరాలి. వసూలు పనిని ఏజెంటుకు అప్పగిస్తే, అతడు మిమ్మల్ని పలకరించకముందే అతడి వివరాలు సందేశంగానో, మెయిల్‌గానో మీకు రావాలి. బ్యాంకులతోనూ, ఆర్థిక సంస్థలతోనూ కలిసి పనిచేసే యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. అందులో ఆ మూడు యాప్‌లూ ఉన్నాయేమో చూడండి.

లేకపోతే మీరు ఎదుర్కొంటున్నది వసూలు కాదు, బెదిరించి డబ్బు లాగడం. వెంటనే 1930కి ఫోను చేయండి, సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, అనుమతి లేని అప్పుల వ్యాపారాల కోసం రిజర్వు బ్యాంకు పెట్టిన ‘సచేత్’ పోర్టల్‌లోనూ రాయండి. దానికి ముందు సందేశాలను, నంబర్లను, చెల్లింపుల వివరాలను స్క్రీన్‌షాట్లు తీసి మరో ఫోనులో భద్రపరచండి, ఆ తర్వాతే యాప్‌ను తొలగించండి. పరువు పోయిందన్న కంగారులో ముందు యాప్ తీసేస్తే రుజువులూ దాంతోనే పోతాయి. బంధువులకు మీరే ఒక సందేశం పంపండి: “మా వాడి ఫోను వివరాలు మోసగాళ్ల చేతికి చిక్కాయి, పోలీసు ఫిర్యాదు ఇచ్చాం, ఆ సందేశాలు తెరవకండి.” కువైట్‌లోని మామయ్యకు మీ నోటి నుంచి తెలిస్తే అది కష్టం, పరాయి నంబరు నుంచి తెలిస్తే అది పరువు తక్కువ.

జాబితాలో ఉన్న సంస్థే ఇలా ప్రవర్తించి ఉంటే దారి వేరు. మొదట ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సంతృప్తి కలిగించకపోయినా ఇలాంటి ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. సందేహాలకు 14448 నంబరు ఉంది. పైన చెప్పిన చిన్న రుణాలు కాని అప్పులకు, 2022 ఆగస్టు 12 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. కుటుంబ సభ్యులను, స్నేహితులను, తెలిసినవారిగా మీరు పేర్లు ఇచ్చినవారిని ఇబ్బంది పెట్టకూడదు. నలుగురిలో అవమానించకూడదు, ఊరూపేరూ లేని ఫోన్లు చేయకూడదు. మీ ఫిర్యాదులో ఈ తేదీని రాయండి. అది చదివేవారు మీకు నియమం తెలుసని గ్రహిస్తారు.

ప్రశ్న (తణుకు, విశ్రాంత ఉపాధ్యాయుడు): క్రెడిట్ కార్డు బకాయి ఉంది, ఒప్పుకుంటాను. నిన్న వాట్సాప్‌లో ఒకటి “అరెస్టు వారెంటు”, మరొకటి “లోక్ అదాలత్ నోటీసు” వచ్చాయి. మొదటిదాంట్లో ముద్రలు కూడా ఉన్నాయి. భయపడాలా?

జవాబు: మొదటిదానికి భయపడనక్కరలేదు, రెండోదాన్ని నిర్లక్ష్యం చేయకూడదు. కార్డు బకాయి సివిల్ వ్యవహారం. బకాయి ఉన్నంత మాత్రాన ఎవరూ అరెస్టు చేయరు, పోలీసులు వసూలుదారులు కారు, వారెంట్లు కోర్టు జారీ చేస్తుంది గాని కాల్‌సెంటరు కాదు. అందులో “ఈ ఫైలు తెరవండి” అంటూ ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్‌ను దించే ఫైలు, ఉంటే తెరవవద్దు, అది ఫోనునే దోచుకుంటుంది.

ఒక మినహాయింపు మాస్టారు గారికి చెప్పాలి. మీరిచ్చిన చెక్కు గాని, ఆటోడెబిట్ అనుమతి గాని ఖాతాలో డబ్బు లేక తప్పిపోతే, దానికి వేరే చట్టాల కింద క్రిమినల్ కేసు వేసే వీలుంది: చెక్కుకు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షను, ఎలక్ట్రానిక్ చెల్లింపుకు 2007 నాటి చెల్లింపుల చట్టంలోని 25వ సెక్షను. అప్పుడు కూడా ముందు నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక కట్టడానికి 15 రోజులు గడువుంటుంది. అటువంటి నోటీసు వస్తే ఆ 15 రోజులను పోనివ్వకండి.

లోక్ అదాలత్ నోటీసు నిజమైనదో కాదో మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు సంఖ్య చెప్పి కనుక్కోండి, 15100 నంబరుకైనా ఫోను చేయండి. నిజమైతే తప్పక వెళ్లండి. అక్కడ రాజీ మీకు నచ్చితేనే సంతకం చేయాలి, నచ్చకపోతే వచ్చేయవచ్చు. సంతకం చేశాక మాత్రం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. కళ్లజోడు మరిచిపోకండి.

ప్రశ్న (మండపేట): “ఈ రాత్రి 12 లోపు 40 శాతం కడితే మీ అప్పు మాఫీ” అని లింకు వచ్చింది. కట్టేయమంటారా?

జవాబు: ఈ రాత్రి వద్దు. బకాయి పాతబడ్డాక సంస్థలు రాజీకి వస్తాయి, అది నిజమే. కానీ రాజీ పత్రం సంస్థ అధికారిక మెయిల్ నుంచి ముందు రావాలి: ఎంత కట్టాలి, ఏ తేదీకి, మిగిలినది రద్దవుతుందా, బాకీ లేదన్న ధ్రువపత్రం ఎన్నాళ్లలో ఇస్తారు. ఇవన్నీ అందులో ఉండాలి. ఇంకొకటి కూడా తెలుసుకొని కట్టండి: మొత్తం కట్టిన అప్పు, మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ వంటి నివేదికల్లో ‘క్లోజ్డ్’ అని, తగ్గించి కట్టినది ‘సెటిల్డ్’ అని పడుతుంది. రెండో మాట చూసి రేపు ఇంటి రుణం ఇచ్చేవారు వెనకాడతారు. మన దేశంలో ఉన్న నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇస్తాయి. కట్టిన రెండు నెలలకు తెప్పించి చూసుకోండి. తప్పుగా ఉంటే సవరించమని ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు రూ.100 చొప్పున మీకే పరిహారం ఇవ్వాలన్న నియమం ఉంది.

ప్రశ్న (రావులపాలెం, వసూలు ఏజెంటు): అందరూ మమ్మల్ని తిట్టేవారే. నేను డిగ్రీ చదివి ఈ పనిలో చేరాను. రోజుకు ఇన్ని కాల్స్, నెలకు ఇంత వసూలు అని టార్గెట్. నెలాఖరు వారంలో రాత్రి తొమ్మిదిదాకా ఫోన్లు చేయమంటారు. చేయనంటే ఉద్యోగం పోతుంది. మా మాట మీ పత్రికలో ఎవరూ రాయరు.

జవాబు: రాస్తున్నాను. మీ పనిలో అవమానం లేదు. ఇచ్చిన అప్పు తిరిగి రాకపోతే రేపు ఇంకొకరికి అప్పు పుట్టదు. నా ఉద్యోగంలో ఇరవై ఏళ్లు నేను చేసినదీ అదే పని, కాకపోతే నాకు శాశ్వత కుర్చీ ఉండేది, మీకు లేదు. వసూలు ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష ఉండాలని నియమం ఉంది. మీకు ఆ డీఆర్ఏ (డెట్ రికవరీ ఏజెంట్) ధ్రువపత్రం లేకపోతే ఇప్పించమని సంస్థను అడగండి, ఉద్యోగం మారినా అది మీతో వస్తుంది.

పనిలో రెండు మాటలు చెప్పగలను. నగదు తీసుకుంటే ఆ రోజే అది రుణగ్రహీత ఖాతాలో పూర్తిగా కనిపించాలి. “రేపు జమ చేద్దాం” అన్న సొమ్ము మీ జేబులో ఒక్క రాత్రి ఉన్నా నిందపడేది మీమీదే. ఫోనులో ఎవరైనా “చెరువు పట్టుబడి ఫలానా తారీఖు, అప్పుడు కడతాను” అంటే, మీ యాప్‌లో దానికి గడి లేకపోయినా వ్యాఖ్యలో రాయండి. రొయ్యల చెరువు పట్టుబడికి ముందు వారం ఎన్నిసార్లు ఫోను చేసినా డబ్బు పుట్టదు, పట్టుబడి మర్నాడు ఒక్క ఫోను చాలు. ఈ సంగతి మీకు తెలుసు, హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని మీ కాల్స్ జాబితా తయారుచేసే సాఫ్ట్‌వేరుకు తెలియదు.

రాత్రి ఫోన్ల విషయానికి వస్తే, ఆ 2022 ఆగస్టు ఉత్తర్వు మీకూ రక్షణే. మీ పైవారితో వాదించకండి, ఉద్యోగం మానేస్తానని బెదిరించకండి. ఏడు దాటాక కూడా కాల్స్ చేయమన్న ఆదేశాన్ని ఒక మెయిల్‌గా పంపమని వినయంగా అడగండి. పంపుతారేమో చూసి వచ్చే నెల నాకు రాయండి.